వెయ్యికి నాలుగు తక్కువ

అమెరికాలో నేను చేసిన మొదటి ఉద్యోగం కరెంటు బిల్లు చూసుకోవడం. డబ్బు మా ఆయన ఖాతాలోంచి దానంతటదే పోయేది. ఎంత పోవాలో నిర్ణయించడం నా పని. ఆ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ లేదు, సెలవులు లేవు. జీతం ఉందా లేదా అన్నది చాలా ఏళ్లు తేలలేదు.

నేను వచ్చింది డిపెండెంట్ వీసా మీద. ఆ వీసా మీద వచ్చిన భార్య కారు నడపొచ్చు, పిల్లల్ని కనొచ్చు, షాపుల్లో ఎంతైనా తగలేయొచ్చు. ఒక్క డాలరు సంపాదిస్తే మాత్రం నేరం. టెక్సాస్‌లోని ప్లేనోలో మా వీధిలో ఇలాంటి ఇంజనీర్లం నలుగురం ఉండేవాళ్లం. నలుగురి చదువులూ కలిపితే ఒక చిన్న పవర్ స్టేషన్ నడపొచ్చు. మేం నడిపేది డిష్‌వాషర్లు, అవి కూడా కడిగిన గిన్నెలు బోర్లించుకోవడానికే.

మా అమ్మ తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నన్ను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివించింది అమ్మ జీతమే. ఆవిడ నన్ను తిరిగి అడిగింది ఒక్కటే: మొదటి జీతం రాగానే దాంతో ఒక చీర కొనిపెట్టమని. మా వైపు అదొక ఆనవాయితీ. కొడుకైనా కూతురైనా మొదటి జీతంతో అమ్మకు చీర పెట్టాలి. చీర ఎలాంటిదైనా ఫరవాలేదు, జీతం మొదటిదై ఉండాలి. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది కూడా. జూలైలో చేరాలి. మే నెలలో పెళ్లి కుదిరింది. అమెరికాలో మాత్రం ఉద్యోగాలకు కొదవా అన్నారు పెద్దలు. కొదవ లేదు, నిజమే.

అమ్మ గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆవిడ పగలు లైటు వెయ్యదు. నా చిన్నప్పుడు మబ్బు పట్టి అక్షరాలు కనిపించకపోతే పుస్తకం తీసుకుని గుమ్మంలోకి వెళ్లమనేది. అక్కడా కనిపించకపోతే ఆ పూట చదువు మానుకోమనేది. జీతం చాలని ఏడు నా చదువు కోసం నగలు అమ్మిన మనిషి, ట్యూబ్‌లైటు మాత్రం వెయ్యలేదు.

ఇక నా ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్తాను. ప్లేనోలో ఒక పాత ఇల్లు కొన్నాం. టెక్సాస్‌లో కరెంటు కూడా కూరగాయల్లాంటిదే. తీగలు ఒకరివి, కరెంటు అమ్మేవాళ్లు బోలెడుమంది, ఎవరి దగ్గర కావాలంటే వాళ్ల దగ్గర కొనుక్కోవచ్చు. మా ఆయన ఇల్లు కొన్న ఆగస్టులో కనిపించిన మొదటి కంపెనీతో ఏడాది కాంట్రాక్టు రాసి, ఆ విషయం శుభ్రంగా మర్చిపోయాడు. మరుసటి జూలైలో గడువు అయిపోతోందని వాళ్లు రెండు ఉత్తరాలు రాశారు. ఆ రెండూ పిజ్జా కూపన్లతో కలిసి చెత్తబుట్టలోకి వెళ్లాయి. గడువు దాటిన మనిషిని కంపెనీ వదిలెయ్యదు, వాళ్లిష్టమొచ్చిన నెలవారీ రేటు వేస్తుంది. ఆగస్టు ఎండలో ఏసీ ఆగకుండా తిరిగింది. బిల్లు నాలుగు వందల పన్నెండు డాలర్లు.

"ఇంట్లోనే ఉంటావు కదా, ఇలాంటివి కొంచెం చూసుకోవచ్చుగా," అన్నాడు మా ఆయన.

మంచివాడే పాపం, మామూలుగా అన్నాడు. కానీ 'ఇంట్లోనే ఉంటావు కదా' అన్న మాట నాకు అరికాల్లో ముల్లులా దిగింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తూ చెప్పాను.

"చూసుకుంటాను. కానీ ఊరికే చూడను. మీ పాత రేటుకీ నేను తెచ్చే రేటుకీ ఎంత తేడా వస్తే అంత నాది. ప్రతి నెలా క్యాష్‌గా నా చేతికివ్వాలి."

"ఆ క్యాష్ ఏం చేసుకుంటావ్?"

"అది మీకనవసరం."

"డీల్," అన్నాడు. నాలుగు నెలల్లో విసుగొచ్చి మానేస్తానని ఆయన ధీమా. నా సంగతి ఆయనకు అప్పటికి పూర్తిగా తెలియదు.

ప్రభుత్వం వాళ్ల వెబ్‌సైట్ ఒకటుంది. అందులో మన పిన్‌కోడ్ కొడితే వందకు పైగా ప్లాన్లు వచ్చి పడతాయి. శనాదివారాలు ఫ్రీ, రాత్రిళ్లు ఫ్రీ, మొదటి నెల ఫ్రీ. ఇన్ని ఫ్రీగా ఇచ్చే కంపెనీలు ఎలా బతుకుతున్నాయా అని చిన్న అక్షరాల కాగితం చదివితే అర్థమయ్యేది, మనమే బతికిస్తున్నామని. రాత్రి ఫ్రీ అన్నవాడు పగటి రేటు రెట్టింపు చేస్తాడు. నెలకి అయిదు వందల యూనిట్లు వాడితే ఒక రేటు, వెయ్యి వాడితే ఒకటి, రెండు వేలు వాడితే ఇంకొకటి. మా కాలేజీలో పవర్ సిస్టమ్స్ పేపరు ఇంత కష్టంగా లేదు.

అసలు కిటుకు ప్లాన్‌లో లేదు, తారీఖులో ఉంది. మధ్యలో వదిలేస్తే జరిమానా. గడువుకి పద్నాలుగు రోజుల ముందు నుంచి మాత్రం జరిమానా లేకుండా మారొచ్చు. పైగా రేట్లు ఎండతో పాటు పెరిగి ఎండతో పాటు దిగుతాయి. ఆగస్టులో గడువు ముగిసినవాడు ఆగస్టు రేటుకే కొత్త కాంట్రాక్టు రాయాలి. అందుకని ఆ ఏడాది నేను ఎనిమిది నెలల కాంట్రాక్టు తీసుకుని మా గడువుని ఏప్రిల్ చివరికి జరిపాను. పెళ్లికి లగ్నం చూసినట్టు ఆ పద్నాలుగు రోజుల్లో రోజూ రేట్లు చూసి, తగ్గినరోజు మార్చేదాన్ని. గోడకి వేలాడే పంచాంగం క్యాలెండర్ మీదే కాంట్రాక్టు గడువులకి ఎర్ర గుర్తులు పెట్టాను. మా అత్తగారు ఒకసారి వచ్చినప్పుడు ఆ ఎర్ర గుర్తులు చూసి ఏకాదశులనుకుని రెండు రోజులు ఉపవాసం ఉంది.

ఇబ్బందల్లా ఫోన్‌తోనే. ఖాతాలు మా ఆయన పేరు మీద. మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబరు నాకు లేదు కాబట్టి కరెంటు కంపెనీ దృష్టిలో నేను లేను. ఏం అడిగినా ఖాతాదారుని పిలవమనేవాళ్లు. రెండుసార్లు ఆయన్ని ఆఫీసు మీటింగులోంచి లాగాను. మూడోసారి విసుగొచ్చి ఆయన్ని నేనేనని చెప్పేశాను. అవతలివాళ్లకి మన పేర్లలో ఆడవాళ్లదేదో మగవాళ్లదేదో ఏం తెలుసు. ఆయన పుట్టినతేదీ చెప్పాను, ఆయన నంబరులో చివరి నాలుగు అంకెలు చెప్పాను. "థాంక్యూ మేడమ్," అన్నారు, మా ఆయన పేరు పెట్టి. అప్పట్నుంచి నాలుగేళ్లు ఫోన్‌లో మా ఆయన్ని నేనే. తప్పే. కానీ ఆ దేశంలో నేను కూడా ఒక మనిషినని ఒప్పుకున్నది ఆ ఫోన్ కాల్స్‌లోనే.

డబ్బు నెలకి ముప్పై, నలభై డాలర్లు వచ్చేది. జిప్‌లాక్ కవర్లో పెట్టి, ఫ్రీజర్‌లో గోంగూర పొట్లాల వెనక దాచేదాన్ని. మా ఆయనకు గోంగూర పడదు, అటు చెయ్యి పెట్టడు. దాన్ని నేను జీతం అనుకునేదాన్ని. పైకి అనలేదు, మనసులోనే.

పేరు మాత్రం పాకింది. తలొక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లకి వెళ్తే మగవాళ్లు వీసా గురించి, గ్రీన్‌కార్డు క్యూ గురించి ఒక విడత మాట్లాడుకున్నాక నా దగ్గరికి వచ్చేవాళ్లు. పులిహోర ప్లేటు పట్టుకుని, గొంతు తగ్గించి, డాక్టరుకి రోగం చెప్పుకున్నట్టు, "మాది యూనిట్‌కి పదకొండున్నర సెంట్లు అండీ, అక్టోబర్‌లో ఎక్స్‌పైర్ అవుతోంది, ఏం చెయ్యమంటారు?" అనేవాళ్లు. ఇళ్లలో భార్య మాట వినని పెద్దమనుషులు కూడా నేను చెప్పింది ఫోన్‌లో నోట్ చేసుకునేవాళ్లు. పిల్లలు నన్ను కరెంట్ ఆంటీ అనేవాళ్లు. ఫీజు మాత్రం తీసుకోకూడదు. తీసుకుంటే అది ఉద్యోగం.

నన్ను చూసి నవ్విన మనిషి ఒక్కడే, పక్క ఊరు ఫ్రిస్కోలో, కరెంటంతా ఒకే సహకార సంఘం ఇచ్చే వైపు, కొత్త ఇల్లు కట్టుకున్న వరంగల్ ఆయన.

"మా దిక్కు ఒక్కటే కంపెనీ అక్కా. చూజ్ చేసుకునుడు లేదు, లొల్లి లేదు. బిల్లు వస్తది, కడత, పండుకుంట."

ఆయన మొహంలో ఆ ప్రశాంతత చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ మాటకొస్తే ఆయన రేటు కూడా నాకంటే పెద్ద ఎక్కువేం కాదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

అమ్మ రిటైరయ్యాక ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. టికెట్ తన పెన్షన్ డబ్బుతో తనే కొనుక్కుంది. నాకు ఆ ఆరు నెలల్లో ఒకటే పట్టుదల: అమ్మ వెళ్లేలోపు ఆ చీర పెట్టాలి. మొదటి జీతంతో. ఫ్రీజర్‌లో దాచింది ఉంది కదా అనుకుంటారేమో. ఆ ఏప్రిల్‌లో వడగళ్లు పడి మా ఇంటి కప్పు చిల్లులు పడింది. ఇన్సూరెన్సువాళ్లు ఇవ్వగా మనం వేసుకోవాల్సిన వాటాకి గోంగూర వెనకున్న కవరు మొత్తం వెళ్లిపోయింది. నేనే తీసి ఇచ్చాను. ఇల్లు కారుతుంటే చీర అంటే బాగుండదు. అందుకని మే నెలలో నా ఖజానా మళ్లీ సున్నా దగ్గర మొదలైంది.

ఫ్రిస్కోలో ఒకావిడ గ్యారేజీలో చీరలు అమ్మేది. ఆవిడకి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఆవిడ అమ్మొచ్చు, నేను కొనొచ్చు. మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే. అక్కడ గంధం రంగు మంగళగిరి పట్టు ఒకటి చూశాను, ఎర్ర అంచుది. నూట ఎనభై డాలర్లు. ఇది మంగళగిరిలో ఎంతుంటుందో నాకు తెలుసు. అయినా అడ్వాన్సు లేకుండా పక్కన పెట్టమని ఆవిడని బతిమాలాను.

ఆ మే నెలలో నేను తీసుకున్న ప్లాన్ గురించి కాస్త ఓపిగ్గా వినాలి. ఆరు నెలల కాంట్రాక్టు. నెలలో వెయ్యి యూనిట్లు చేరితే యాభై డాలర్లు బిల్లులో తగ్గిస్తారు. వెయ్యికి ఒక్క యూనిట్ తగ్గినా ఏమీ ఇవ్వరు. ఎండాకాలంలో మా ఏసీ పదిహేను వందలు అవలీలగా లాగేస్తుంది, కాబట్టి నాకు భయం లేదు. అక్టోబరు ఒక్కటే గండం. అప్పుడు ఏసీ అక్కర్లేదు, హీటరూ అక్కర్లేదు. కానీ అక్టోబరు నాటికి కవర్లో నూట ముప్పై నాలుగు ఉన్నాయి. ఆ యాభై వస్తే చీర వస్తుంది. నవంబరు మొదటి వారంలో అమ్మ ప్రయాణం.

నా లెక్కలో నేను మర్చిపోయింది అమ్మని. వచ్చిన రోజు నుంచీ ఆవిడ ఇల్లంతా తిరుగుతూ స్విచ్చులు ఆర్పేది. నేను వంటింట్లోంచి హాల్లోకి రాగానే వెనకాల వంటింటి లైటు ఆరిపోయేది. బాత్రూమ్‌లో మనిషి ఉండగానే ఆరిపోయేది. మా చిన్న పాప కోసం వేసిన బెడ్‌లైట్ కూడా, "పిల్ల నిద్రపోయిందిగా, ఇంకెవరికి?" అని ఆర్పేసేది. డ్రయర్ ఉండగా బట్టలు పెరట్లో రెండు కుర్చీల మధ్య తాడు కట్టి ఆరేసేది. అది మా కాలనీ రూల్స్‌కి విరుద్ధమని ఉత్తరం వస్తే, చదివి, "బట్టలు ఎండటం కూడా వీళ్లకి చెప్పి ఎండాలా?" అంది. ఎండాకాలమంతా నేను అవన్నీ చూసి మురిసిపోయాను. ఎంతైనా మా అమ్మ అనుకున్నాను.

అక్టోబరు బిల్లు ముగిసే రోజు పొద్దున మీటర్ వెబ్‌సైట్ చూశాను. ముందు రోజు వరకు తొమ్మిది వందల అరవై ఎనిమిది. ఒక్కరోజులో ముప్పై రెండు యూనిట్లు కాల్చాలి.

పాపని బడికి, ఆయన్ని ఆఫీసుకి పంపి పని మొదలుపెట్టాను. అవెన్‌ని నాలుగు వందల యాభైలో పెట్టి తలుపు తెరిచాను. వేడి తగ్గాలని ఏసీ అరవై ఆరు ఫారెన్‌హీట్‌లో పెట్టాను, అంటే మన లెక్కలో పంతొమ్మిది. డ్రయర్‌లో ఏమీ లేకుండా తిప్పాను. డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసేసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాన్ని డిష్‌వాషర్‌లా వాడాను. ఇంట్లో ఉన్న ప్రతి లైటూ వేశాను, గ్యారేజీతో సహా. జీవితంలో ఫ్యాను ఆర్పకుండా గది దాటని దాన్ని, ఆ ఒక్క రోజు ఇంట్లో దీపావళి పెట్టాను. అదీ పొదుపు కోసం.

అమ్మ స్వెటర్ వేసుకుని వంటింట్లోకి వచ్చింది.

"పొయ్యి మీద ఏమీ లేదు, లోపలా ఏమీ లేదు. ఎందుకే వెలిగించావ్?"

"అవసరం ఉందమ్మా."

"ఎవరికి?"

నాకు చెప్పే ఓపిక లేదు. చెప్పాలంటే చీర సంగతి చెప్పాలి. నేను హాల్లోకి వెళ్లి వచ్చేసరికి వంటింటి లైట్లు ఆరిపోయి ఉన్నాయి. మళ్లీ వేశాను. పడకగదిలోవి ఆరిపోయాయి. మళ్లీ వేశాను. డ్రయర్ చప్పుడు ఆగింది. అప్పుడు అరిచాను.

"నువ్వు ఆర్పే ప్రతి లైటూ నాకు నష్టం అమ్మా. నీకు అర్థం కాదు. దయచేసి దేన్నీ ముట్టుకోకు."

ముప్పై మూడేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషిని నీకు అర్థం కాదన్నాను. ఆవిడ చేతులు స్వెటర్ జేబుల్లో పెట్టుకుని వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది. అప్పుడే వెళ్లి కాళ్లు పట్టుకోవాల్సింది. నేను వెళ్లి రెండో బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాను.

మధ్యాహ్నం పాపని బడి నుంచి తీసుకుని ఈతకి తీసుకెళ్లాలి. వెళ్లేముందు మళ్లీ చెప్పాను, ముట్టుకోవద్దని. తిరిగొచ్చేసరికి రెండు గంటలు పట్టింది. గ్యారేజీ తలుపు ఎత్తగానే తెలిసింది. ఇంట్లో చప్పుడు లేదు. లైటు లేదు. అవెన్ తలుపు మూసి, దాని మీద తడిగుడ్డ ఆరేసి ఉంది. అమ్మ కిటికీ వెలుతురులో తెలుగు వారపత్రిక చదువుకుంటోంది.

"ఖాళీ పొయ్యి అలా మండుతుంటే చూస్తూ కూర్చోలేకపోయానే," అంది తల ఎత్తకుండా. "నువ్వు తిట్టుకున్నా సరే."

మళ్లీ అన్నీ వేశాను. పడుకునే దాకా ఉంచాను. సరిపోయి ఉంటుందనుకున్నాను. రెండు రోజుల తర్వాత వెబ్‌సైట్‌లో చివరి అంకె వచ్చింది. తొమ్మిది వందల తొంభై ఆరు.

నవ్వొచ్చిందని ఇప్పుడు చెప్పొచ్చు గానీ, ఆ రోజు వంటింట్లో నిలబడి ఏడ్చాను. యాభై డాలర్ల కోసం కాదు. నాలుగేళ్లు ఉద్యోగం చేసిన దాన్ని, అమ్మకి చీర కొనే వేళకి నాలుగు యూనిట్ల దగ్గర నిలబడిపోయాను. మా ఆయన విషయం విని, "నేను యాభై పెట్టేస్తాలే, ఫ్రీజర్‌లో పెడతా, నువ్వు చూడనట్టు ఉండు," అన్నాడు. చెప్పాను కదా, మంచివాడే. ఆయన ఇస్తే అది ఆయన చీర అవుతుందని ఎలా చెప్పను. అక్కర్లేదన్నాను.

అమ్మ అంతా విన్నట్టుంది. ఆయన వెళ్లాక నా ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు చెప్పు, మొదట్నుంచీ. కాగితం మీద చెప్పు," అంది.

చెప్పాను. నా ఎక్సెల్ షీట్లు ప్రింట్ తీసి ముందు పెట్టాను. అమ్మ తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఎర్ర పెన్ను తీసింది. రిటైరయినా ఆ పెన్ను బ్యాగ్‌లోంచి పోలేదు. ఒక గంట వరస వరసా చూసింది.

"అంటే, తక్కువ వాడినవాడు ఎక్కువ కట్టాలి."

"అవును."

"ఎక్కువ వాడినవాడికి బహుమానం."

"అవునమ్మా."

"మా బడిలో ఈ లెక్క ఎవడైనా ఇలా రాస్తే గోడ కుర్చీ వేయించేదాన్ని," అని తల పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత అడిగింది, "ఇంత తంటా దేనికి?"

చీర సంగతి చెప్పాను. గంధం రంగు, ఎర్ర అంచు, ఫ్రిస్కో గ్యారేజీ, అన్నీ. అమ్మ నవ్వడం ఆపేసింది. ఆ కాగితాల వంకే చూస్తూ నెమ్మదిగా అంది.

"ఇది ఆదా అమ్మా. జీతం వేరు. మీ ఆయన జేబులోంచి పోయేది కాస్త తక్కువ పోయింది. అంతేగానీ నీ పనికి ఎవరూ నీకు ఇచ్చింది కాదిది. నేను నెలనెలా రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకున్నాను, నాకు తేడా తెలుసు."

అమ్మ మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. "ఇంకేం చెయ్యమంటావ్ ఇక్కడ? ఇదే చెయ్యనిచ్చారు, ఇదే చేశాను," అన్నాను.

"నువ్వు చెయ్యలేదన్నానా? పని చేశావు. జీతమే లేదు. అది నీ తప్పు కాదు." కాగితాలు సర్దుతూ అంది, "జీతం వచ్చినరోజు కొను. అప్పటిదాకా నాకేం చీరలు లేక కాదుగా."

ఆ తర్వాత ఎర్ర పెన్నుతో చివరి కాగితం మీద మార్కులు వేసింది. వందకి తొంభై ఎనిమిది.

"రెండు ఎందుకు తగ్గించావ్?"

"మే నెలలో కంపెనీవాడి నెలవారీ ఛార్జీ కలపలేదు, దానికొకటి. నీకు అర్థం కాదన్నావు చూడు, దానికొకటి."

నవంబరులో అమ్మ చీర లేకుండానే వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందు ఇల్లంతా ఒకసారి తిరిగి స్విచ్చులన్నీ చూసుకుంది. మా కాంట్రాక్టు గడువుకి ముందు పద్నాలుగు రోజులు నడుస్తున్నాయని గుర్తొచ్చి, ఎయిర్‌పోర్టు నుంచి వచ్చాక ఒక మామూలు ప్లాన్‌లోకి మారాను. ఎంత వాడితే అంత కట్టే ప్లాన్. రేటు కొంచెం ఎక్కువే.

మరుసటి ఏడాది వేసవిలో రూల్ మారింది. మాలో కొంతమంది భార్యలు ఉద్యోగం చెయ్యొచ్చన్నారు. అప్లికేషన్ పెట్టాను. వర్క్ పర్మిట్ కార్డు వచ్చిన రోజు మా వీధిలో నలుగురం ఒకరి కార్డు ఒకరం తిప్పి తిప్పి చూసుకున్నాం, పెళ్లి ఫోటోలు చూసుకున్నట్టు. ఇరవైకి పైగా అప్లికేషన్లు పంపితే పిలిచింది ఒక్కళ్లే. కరెంటు అమ్మే చిన్న కంపెనీ, మా ఇంటికి పావుగంట దూరం.

ఎదురుగా కూర్చున్నాయన రెజ్యుమే చూసి మర్యాదగానే అడిగాడు, చదువు అయ్యాక ఇన్నేళ్లు ఏం చేశారని. నా ఫోల్డర్‌లో ధైర్యానికి పెట్టుకున్న ఎర్ర మార్కుల కాగితం ఉంది. తీసి ఆయన ముందు పెట్టి, మొత్తం చెప్పాను, ఫోన్‌లో మా ఆయన్ని నేనేనన్న సంగతి తప్ప. తొమ్మిది వందల తొంభై ఆరు దగ్గరికి రాగానే ఆయన నవ్వాడు. అలా వెయ్యికి ముందు ఆగిపోయేవాళ్లు ఎంతమంది ఉంటారో ముందుగా లెక్కకట్టే మనిషి తమకి కావాలన్నాడు. వాళ్ల ప్లాన్లు నిలబడేది ఆ మనుషుల మీదేనట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఎలుకని పిలిచి పిల్లి ఉద్యోగం ఇచ్చారు. సిగ్గనిపించలేదా అంటే అనిపించింది. జీతం ఎంతో చెప్పాక కొంచెం తగ్గింది.

మా ఇంటి కరెంటు ఇప్పుడు మా ఆయన చూసుకుంటున్నాడు. మొదటిసారి ఆయన కంపెనీకి ఫోన్ చేసి తన పేరు చెబితే, ఖాతాదారుని పిలవమన్నారట. "నేనే," అంటే నమ్మలేదట. వాళ్ల రికార్డింగుల్లో ఆ పేరు గలది ఒక ఆడమనిషి. ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వే నేనని చెప్పు," అన్నాడు.

మొదటి జీతం బ్యాంకులో పడింది. సంతకం పెట్టే రిజిస్టర్ లేదు. నేనే ఒక తెల్లకాగితం మీద తారీఖు వేసి సంతకం పెట్టుకున్నాను, పిచ్చిదానిలా. ఫ్రిస్కో గ్యారేజీకి వెళ్తే గంధం రంగు చీర ఎప్పుడో అమ్ముడుపోయింది. దాదాపు అలాంటిదే ఇంకొకటి కొని, విజయవాడ వెళ్తున్న వాళ్ల సూట్‌కేసులో పంపాను. మా ఊరికి గంట దూరంలో నేసిన చీర, సగం భూమి తిరిగి ఫ్రిస్కో వచ్చి, మళ్లీ తిరిగి మా ఊరు చేరింది.

చేరిన మర్నాడు వీడియో కాల్ చేశాను. ఇక్కడ రాత్రి, అక్కడ పొద్దున్న ఎనిమిది. అమ్మ చీర కట్టుకుని కూర్చుంది. ఎంత పెట్టావని అడిగింది, చెప్పాను. ఇక్కడ సగానికి వచ్చేదంది. పమిట అంచు వేళ్లతో సర్దుకుంది.  

"అంచు కనబడుతోందా?" అంది.

"కనబడుతోందమ్మా."

"ఏం కనబడుతుంది, మబ్బుగా ఉంది. ఉండు."

ఫోన్ బల్ల మీద ఆనించి లేచింది. నాకు ఖాళీ కుర్చీ, వెనకాల గోడ కనబడుతున్నాయి. టక్‌మని స్విచ్చు చప్పుడు. ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. అమ్మ వచ్చి దాని కింద నిలబడి, అంచు రెండు చేతులతో పట్టుకుని చూపించింది. నేను ఫోన్ పెట్టేసేదాకా ఆ లైటు ఆర్పలేదు.